మంచం బీమా

రోలండ్ హువోటారి కాగితాల సంచీతో వచ్చిన పూట ఉర్హో వంటగదిలో కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. అతని భార్య సైమా పొయ్యి దగ్గరుంది. ఆ ఇంట్లో ఎవరొచ్చినా ముందు కాఫీ, యాలకుల రొట్టె. మాట ఆ తర్వాత. రోలండ్‌కి అది తెలుసు. ఉర్హోకి పెదనాన్న మనవడు, చిన్నప్పటినుంచీ ఆ బల్ల దగ్గర తిన్నవాడే. సరస్సు మీద మంచు ఎన్ని అంగుళాలు గట్టిందో, ఎవరి బండి అందులో దిగబడిందో రెండు కప్పులదాకా చెప్పి, మూడో కప్పుకి సంచీ విప్పాడు.

ఊళ్లో దాన్ని మంచం బీమా అంటారు. అసలు పేరు కాగితం మీద పొడుగ్గా ఉంటుంది, ఎవరికీ నోరు తిరగదు. మనిషి మంచాన పడితే ఇంటికి ఆయాను పంపడానికో, నర్సింగ్ హోంలో పెట్టడానికో కంపెనీ డబ్బు కడుతుంది. పడకుండా పోతే కట్టిందంతా నీళ్లపాలు.

రోలండ్ ఒక కాగితం పరిచి వేలు పెట్టి చూపించాడు. ఆరు పనులుంటాయట. స్నానం చెయ్యడం, బట్టలు తొడుక్కోవడం, తినడం, దొడ్డికి వెళ్లడం, వెళ్లేదాకా ఆపుకోవడం, మంచం మీంచి లేచి కుర్చీలోకి రావడం. ఆరింట్లో ఏ రెండు చేసుకోలేకపోయినా డబ్బు మొదలవుతుంది. మతి తప్పినా మొదలవుతుంది.

వింటూ వింటూ సైమా కప్పు కింద పెట్టింది. ఆరింటికి ఆరూ ఆమె చేతులకి తెలుసు. వెనక గదివైపు చూడకూడదనుకుంది. చూసింది. తలుపు మూసే ఉంది.

ఇద్దరికీ కలిపి తీసుకుంటే తగ్గింపు ఉందన్నాడు రోలండ్. తగ్గించినా బరువే. అందుకని మొగుడూ పెళ్లాల్లో చాలామంది ఒక్కరికే కడతారు, ఆడమనిషికి. మగవాడు ముందు పోతాడు, పోయేదాకా పెళ్లాం చూసుకుంటుంది, ఆ తర్వాత ఆమెకి ఎవరూ ఉండరు. కాబట్టి బీమా ఆమెకుండాలి. ఎటు తిప్పి చూసినా లెక్క సరిగ్గానే ఉంది. ఉర్హో వల మీంచి తలెత్తకుండా, "అలాగే రాయి. నాకు సైమా ఉంది," అన్నాడు.

రోలండ్ నవ్వాడు. "సైమా ఆంటీ లాంటి మనిషి ఇంటింటికీ ఉంటే మా కంపెనీ ఎప్పుడో మూతపడేది, అంకుల్. లెంపి మామ్మని పదకొండేళ్లు చూసిన మనిషి."

"ఇద్దరికీ రాయి," అంది సైమా.

ఉర్హో సూది ఆగింది. ఆ ఇంట్లో ఆమె ఒక నిర్ణయం పైకి చెప్పడం రోలండ్ ఎన్నడూ చూడలేదు. ఇద్దరికీ అంటే ఏడాదికి నాలుగు వేల డాలర్ల పైమాట అని మెల్లగా గుర్తు చేశాడు. పాత ట్రక్కుతో ఇంకో అయిదేళ్లు లాగుదాం అందామె. ఎందుకని ఉర్హో అడగలేదు. అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు, ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. ఫిన్లండ్ నుంచి అమెరికా వచ్చి రాగి గనుల్లో దిగిన ముసలాళ్లు మాటను కూడా కట్టెపుల్లలా పొదుపు చేశారు. వాళ్ల పిల్లలకి అబ్బింది అదే.

"రాయి మరి," అన్నాడు ఉర్హో. మళ్లీ వల కుట్టుకున్నాడు.

లెంపి ఉర్హో తల్లి. సైమాకి నలభయ్యేళ్లప్పుడు పక్షవాతం వచ్చి ఆమె కుడిపక్కా, మాటా పడిపోయాయి. మిగిలింది ఎడమ చెయ్యి. వెనక గదిలో ఇనప మంచం వేశారు. పిలవడానికి నోరు లేదు కనక ఉర్హో పాకలోకి వెళ్లి, ఎప్పుడో చచ్చిపోయిన మాన్సిక్కి అనే ఆవు మెడగంట తెచ్చి మంచం కమ్మీకి కట్టాడు. ఎడమ చేత్తో దాన్ని కదిపేది ముసలామె. కొద్ది రోజుల్లోనే సైమా ఆ గంట భాష నేర్చుకుంది. ఒకసారి మోగితే దాహం. రెండుసార్లంటే పక్క మార్చాలి. ఆగకుండా మోగితే తడిసిపోయిందని. సైమాకి పిల్లలు లేరు. అందుకని పెంచాల్సిన పిల్లలున్నంత పనీ ఆ గదిలోనే దొరికిందని ఊళ్లో ఆడవాళ్లు అనేవారు. అది మెచ్చుకోలే.

పదకొండేళ్లు. సమాధి రోజున పాస్టరు ప్రార్థన సగంలో ఆపి సైమా పేరు ఎత్తాడు. చచ్చిపోయిన మనిషికంటే ఆ రోజు సైమా గురించే ఎక్కువ చెప్పాడు. తర్వాత చర్చి వంటశాలలో కొత్త కోడలు ఎవరు గొణిగినా పెద్దవాళ్లు ఆమెవైపు గెడ్డం ఎత్తి చూపించడం ఆచారమైపోయింది. సైమా కప్పులు కడుగుతూ ఉండేది. వెనక్కి తిరిగేది కాదు.

పాస్టరుకి తెలియనిది ఒకటుంది. లెంపి పోయింది ఫిబ్రవరిలో, ఒక శనివారం మధ్యాహ్నం. శనివారం ఆ ప్రాంతంలో సౌనా రోజు. పెరట్లో చెక్కగది, లోపల పొయ్యి మీద నల్లరాళ్లు, వాటి మీద నీళ్లు పోస్తే లేచే ఆవిరి. వారమంతటికీ సైమాకి తనదంటూ ఉండేది ఆ ఒక్క గంటే. ఆ గంటసేపూ ఉర్హో దగ్గర్లో ఉండి తల్లి పిలిస్తే చూసుకోవాలని ఒప్పందం. ఆ పూట ఉర్హో కొట్టంలో కట్టెలు కొడుతున్నాడు. సైమా పైబల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుంది. గంట మోగింది. ఆగకుండా మోగింది. ఉర్హో వెళ్తాడులే అనుకుంది. గొడ్డలి చప్పుడు ఆగలేదు. అంటే అతనికి వినపడలేదు. లేచి తువ్వాలు చుట్టుకుని ఇరవై అడుగులు వెయ్యాలి. ఆమె చెయ్యి బాల్చీలో గరిటె మీదికి పోయింది. రాళ్ల మీద నీళ్లు పోసింది. బుస్సుమని ఆవిరి లేచి, ఆ చప్పుడులో గంట మునిగిపోయింది. చప్పుడు తగ్గేసరికి మళ్లీ పోసింది. మళ్లీ పోసింది. బాల్చీ ఖాళీ అయ్యాక విని చూస్తే గంట లేదు. గొడ్డలి మాత్రం పడుతూనే ఉంది.

లోపలికి వెళ్లేసరికి ముసలామె ఎడమ చెయ్యి కమ్మీ మీదే ఉంది.

ఆ వారంలోనే సైమా గంటను గుడ్డలో చుట్టి, రాయి కట్టి, చేపలకి తవ్విన మంచుకన్నంలోంచి సరస్సులో వదిలేసింది. పదహారేళ్లయింది. పొయ్యి మీద కాఫీ కాగే ముందు, నిద్ర పట్టే ముందు, మంచు పెళ్లలు కప్పు మీంచి జారబోయే ముందు ఇల్లు ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది చూడండి, అప్పుడు ఆ గంట వినపడేది. దయ్యాలంటే ఆమెకి నమ్మకం లేదు. ఉంటే బాగుండేది. దయ్యాన్నయితే పాస్టరు వచ్చి వెళ్లగొట్టగలడు.

ఆమె భయం చచ్చిపోయినామె గురించి కాదు. మళ్లీ ఆ మంచంలో ఎవరైనా పడుకుంటే, మళ్లీ పదకొండేళ్లకో అయిదేళ్లకో ఒకరోజు తన చెయ్యి గరిటె మీదికి పోతుంది. అది ఆమెకి కచ్చితంగా తెలుసు. ఆ మంచంలో పడుకోబోయేది ఎవరో కూడా అక్టోబరు నుంచీ తెలుసు.

అక్టోబరులో ఒక బుధవారం ఉర్హో పొద్దున్నే సౌనాలో నిప్పు వేశాడు. మధ్యాహ్నానికి గొట్టంలోంచి పొగ నీలంగా వణుకుతోంది. ఇంట్లోకి వచ్చి, వేడెక్కింది రమ్మన్నాడు. సైమా కాలెండరు వైపు చూసింది, అతని మొహం చూసింది. ఏమీ అనలేదు. సబ్బూ, తువ్వాలూ తీసుకుని వెళ్లి స్నానం చేసొచ్చింది. మూడు రోజులు పోయాక శనివారం వచ్చింది. ఆ రోజు అతను నిప్పు వెయ్యలేదు. ఆమె అప్పుడూ ఏమీ అనలేదు.

అందుకే, రోలండ్ ఇచ్చిన ఫారంలో భర్తకి ఈమధ్య మతిమరుపు ఏమైనా ఉందా అన్నచోట, ఉర్హో చూస్తుండగానే 'లేదు' అని రాసింది. ఉర్హో ఆ గడి చదివాడు. చదివి కింద సంతకం పెట్టాడు.

రెండు వారాలకి కంపెనీ నర్సు వచ్చింది. డెబ్భై దాటిన వాళ్లని కాగితం మీద నమ్మరు, ఇంటికొచ్చి చూస్తారు. ఉర్హోకి డెబ్భై రెండు. ఆ పిల్ల రెండు గంటలు మంచులో బండి నడుపుకుని వచ్చింది. యాలకుల రొట్టె బాగుందని మూడు ముక్కలు తింది. తర్వాత సైమాతో, ఒకరిని అడిగేటప్పుడు రెండోవారు వినకూడదు, ఇంకో గదిలో కూర్చోమంది. తలుపున్న గది ఇంట్లో ఒకటే. సైమా వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

బంగాళాదుంపల బస్తాలు, ఊరగాయ జాడీలు, ఇనప మంచం మీద అట్టపెట్టెలు. ఒక పెట్టె జరిపి మంచం అంచున కూర్చుంది. పదహారేళ్లలో ఆ మంచం మీద కూర్చోవడం అదే మొదలు. నిజానికి అంతకుముందు కూడా ఎప్పుడూ కూర్చోలేదు. నిలబడి చేసే పనులే అన్నీ.

కూర్చున్నాక తెలిసింది, అక్కణ్ణుంచి వంటగదిలో చెంచా తిప్పే చప్పుడు కూడా వినపడుతుందని. నర్సు కాగితం తిప్పింది, వినపడింది. ఉర్హో గొంతు సవరించుకున్నాడు, అదీ వినపడింది. సైమా వంటగది వైపు గోడకేసి చూసింది. పదకొండేళ్లు తను ఆ వంటగదిలో ఏమేమి మాట్లాడిందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పొయ్యితో మాట్లాడినవి. గిన్నెలతో మాట్లాడినవి. ఇంకా ఎన్నాళ్లు అని ఒకసారి. ఎప్పుడు పోతుందో అని ఒకసారి. అదీ గుసగుసగా. గుసగుస ఈ గోడకి ఏపాటి? ముసలామె అన్నీ వింది. విని, దాహమైతే ఆ గంటే కదిపింది. ఇంకేం చేస్తుంది.

అవతల నర్సు అడుగుతోంది. మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఫిర్యాదేం లేదు అన్నాడు ఉర్హో. నిద్ర? ఫిర్యాదేం లేదు. అక్కడి మగవాళ్లకి ఏ వైద్యుడు ఏది అడిగినా చెప్పే జవాబు అదొక్కటే, కాలు విరిగినా అదే. తర్వాత ఆ పిల్ల పది మాటలు చదువుతాను, గుర్తుపెట్టుకోమంది. రైలు, గుడ్డు, టోపీ, వంతెన, తేనె, తలుపు, ఉత్తరం, నిప్పు, బంగారం, కుర్చీ. ఉర్హో వెంటనే తిరిగి చెబితే ఏడు వచ్చాయి. సైమాకి పదీ నాలుక మీద ఉన్నాయి. నర్సు ఇంకేవో మాట్లాడించింది. లెక్కలు చేయించింది. అయిదు నిమిషాలయ్యాక, ఇందాకటి మాటలు చెప్పండి అంది.

"రైలు," అన్నాడు ఉర్హో.

వంటగది గోడమీద గడియారం కొట్టుకుంటోంది.

"నిప్పు."

ఇంకా చాలాసేపు పోయింది. సైమా చెయ్యి దానంతటదే మంచం కమ్మీ మీద పడింది. లోపల ఉన్న మనిషికి బయటి మనిషిని పిలవాలంటే అంతకంటే దారి లేదు. కానీ ఏమని పిలుస్తుంది? తేనె అనా, తలుపు అనా?

"టోపీ," అన్నాడు ఉర్హో. "అంతే, అమ్మాయీ. మిగతావి నువ్వే ఉంచుకో."

తర్వాత సైమా వంతు. పదికి తొమ్మిది చెప్పింది.

ఉత్తరం ఫిబ్రవరిలో వచ్చింది. అంతకు ముందురోజే రోలండ్ ఫోన్ చేసి, నీళ్లు నమిలి నమిలి చెప్పాడు. ఆంటీకి ఇస్తారు, అంకుల్‌కి ఇవ్వరు. ఇంకో కంపెనీని అడిగినా ప్రయోజనం ఉండదు, ఇప్పుడిది రికార్డులో పడింది. ఆంటీది మాత్రం వదులుకోవద్దు, నెలలోగా సంతకం పెట్టాలి అన్నాడు. చివరికి, మీరుండగా అంకుల్‌కి ఏం లోటు అని కూడా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

ఉర్హో ఉత్తరం రెండుసార్లు చదివి మడిచి కిటికీలో పెట్టాడు. "మొదట చెప్పినట్టే అయింది," అన్నాడు. "నీకే."

ఆ రాత్రి నిద్ర పట్టే ముందు గంట మోగి ఊరుకోలేదు. తెల్లవారేదాకా ఉంది. పక్కన ఉర్హో వెల్లకిలా పడుకుని ఊపిరి తీస్తున్నాడు. అతని ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. సైమా ఆ చేతినే చూస్తూ పడుకుంది.

మర్నాడు శనివారం. ఉర్హో సరిగ్గానే నిప్పు వేశాడు. వయసులో ఉండగా మగవాళ్లు ముందు, ఆడవాళ్లు తర్వాత. ఇద్దరే మిగిలాక ఇద్దరూ ఒకేసారి వెళ్తున్నారు. పైబల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. చిన్న కిటికీలోంచి మంచు వెలుగు లోపలికి పడుతోంది. ఉర్హో గరిటెతో నీళ్లు పోశాడు. ఆవిరి లేచి మొహాలకి తగిలింది. అది తగ్గేదాకా ఆగి సైమా నోరు విప్పింది.

"మీ అమ్మ పోయినరోజు నేనిక్కడే ఉన్నాను."

"ఊఁ."

"గంట వినపడింది."

ఉర్హో గరిటె కింద పెట్టాడు.

"ఆగకుండా మోగింది. లేవలేదు నేను. వినపడకుండా నీళ్లు పోశాను. బాల్చీ అయిపోయేదాకా పోస్తూనే ఉన్నాను." ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆపలేదు. "నువ్వు కట్టెలు కొడుతున్నావు. గొడ్డలి చప్పుడుకి నీకు వినపడలేదు. విన్నది నేనొక్కదాన్నే. అయినా వెళ్లలేదు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది. ఉర్హో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రాళ్లవైపు చూస్తున్నాడు. చెమట గెడ్డం మీంచి కారుతోంది, తుడుచుకోలేదు.

"ఆపితే వినపడుతుందని ఆపలేదు," అన్నాడు.

సైమాకి మొదట అర్థం కాలేదు.

"మొదటి మోతకే విన్నాను. నువ్విక్కడున్నావు, వెళ్లాల్సింది నేను. ఇదొక్క మొద్దు కొట్టి వెళ్దామనుకున్నా. ఆ తర్వాత ఇంకోటి." అరచేత్తో గెడ్డం తుడుచుకున్నాడు. "ఆ పూట కొట్టిన కట్టెలు మరుసటి చలికాలం సగందాకా వచ్చాయి. నువ్వు చూశావుగా. అన్ని ఎందుకని నువ్వడగలేదు."

"అడగలేదు."

"నేనూ అడగలేదు, బాల్చీ ఎందుకు ఖాళీ అని."

పదహారేళ్లు ఒకే మంచం మీద పడుకున్నారు. ఒకే మోత ఇద్దరికీ వినపడుతూ ఉంది. ఒకరి నిద్ర చెడకూడదని రెండోవారు కదలకుండా పడుకున్నారు. సైమా అతని మొహం చూసింది. డెబ్భై రెండేళ్ల ముసలాడిలా లేడు. తల్లి పిలిచినా దాక్కున్న పిల్లాడిలా ఉన్నాడు. ఆమె భుజం తేలికపడలేదు. ఒకరు మోసే బరువు ఇద్దరు మోస్తే తగ్గాలంటారు, ఇది తగ్గే రకం కాదు. కాకపోతే అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టు తెలిసింది, అంతే.

"నీకు బీమా రావాలని ఎందుకన్నానో తెలిసిందా?" అంది. "నువ్వు మంచాన పడితే మొదటి ఏడు పిలిచినప్పుడల్లా వస్తాను. రెండో ఏడూ వస్తాను. ఎప్పుడో ఒకరోజు రాను. నన్ను నేను నమ్మను, ఉర్హో."

"ఆ రోజు నాకు తెలుస్తుందా?"

"తెలీదేమో. అప్పటికి నీకు మతి ఉండదు."

"నీకు తెలుస్తుంది," అన్నాడు. "నేనైతే తట్టుకున్నా. కన్నతల్లిని అలా వదిలేసి కూడా తట్టుకున్నా. నీకది రెండోసారి వద్దు." తర్వాత మామూలు గొంతుతో, "బుధవారంనాడు సౌనా వేడి చేశాను కదా. సబ్బు పట్టుకుని వచ్చేశావు. ఆ రోజే ఒక్క మాట అనుండాల్సింది," అన్నాడు.

"సిగ్గుపడతావని."

"పడుదును. పడితే ఏం పోయింది."

సోమవారం ఇద్దరూ ట్రక్కులో పట్నం వెళ్లారు. ముందు రోలండ్ ఆఫీసులో సైమా తన పాలసీ మీద సంతకం పెట్టింది. అది ఉర్హో పట్టుబట్టి పెట్టించాడు. నాకు నువ్వున్నా లేకపోయినా, నీకు ఎవరూ లేరు, అది మాత్రం నిజం అన్నాడు. అక్కణ్ణుంచి కౌంటీవాళ్ల ముసలాళ్ల హోంకి వెళ్లారు. బీమా లేనివాళ్లు చివరికి చేరేది అక్కడికే. చేతిలో ఉన్నదాంట్లో సగం ముందు కరగాలి, ఆ తర్వాత ప్రభుత్వం చూసుకుంటుంది, ఇల్లు మాత్రం పెళ్లానికి వదిలేస్తారు. మంచాలు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. పేరు రాయించుకుని ఏళ్లు ఎదురుచూడాలి. మతి ఉండగానే నా చేత్తో నేనే రాసుకుంటానన్నాడు ఉర్హో.

బల్ల వెనక కూర్చున్నది బెర్నీస్. వాళ్ల చర్చి మనిషే, వంటశాలలో కప్పులు తుడిచే చోట సైమా పక్కన నిలబడే మనిషే. ఇద్దర్నీ చూసి లేచి, కాఫీ పోసి, ఎవరిని చూడ్డానికి వచ్చారని అడిగింది. ఉర్హో ఫారం కావాలన్నాడు. ఎవరికి? నాకే. బెర్నీస్ నవ్వబోయి ఆగింది.

ఉర్హో పేరు, పుట్టిన తేదీ, చిరునామా రాశాడు. ఒక్కొక్క అక్షరం దగ్గరా పెన్ను నొక్కి పట్టుకుని రాశాడు. రెండో పేజీ బెర్నీసే అడిగి పూరించాలి. మూడో ప్రశ్న దగ్గర ఆమె తలెత్తింది.

"ఇంట్లో చూసుకోగల మనిషి ఉందా, అని. ఉందని రాస్తే పేరు అట్టడుక్కి పోతుంది, ఉర్హో. ముందే చెబుతున్నా. ఎవరూ లేనివాళ్లకే మంచం."

ఉర్హో భార్యవైపు చూశాడు. ఆ జవాబు అతను చెప్పేది కాదు.

"సైమా ఉంది కదా," అంది బెర్నీస్. అడిగినట్టు కూడా లేదు. పెన్ను అప్పుడే గడి మీదికి పోతోంది. "మా కోడలికి రోజూ నీ పేరే చెబుతాను, తెలుసా? మొన్న కూడా చెప్పాను."

వసారాలోంచి ఎవరో ముసలామె చక్రాల కుర్చీలో మెల్లగా పోతోంది. గదుల్లో ఎక్కడో పిలుపు మీట నొక్కినట్టున్నారు, గుమ్మం పైన ఎర్రదీపం వెలిగింది. ఒక ఆయా లేచి వెళ్లింది. ఆమె లోపలికి వెళ్లడం, దీపం ఆరిపోవడం సైమా చూసింది. ఇంకో గుమ్మం పైన వెలిగింది. ఇంకో ఆయా వెళ్లింది. వీళ్లకి ఎనిమిది గంటలకోసారి డ్యూటీ మారుతుంది. ఎవరి శనివారం వాళ్లకుంది.

"లేదని రాయి," అంది సైమా.

"ఏంటీ?"

"చూసుకోలేను."

"ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. చూసుకోను. చూసుకోగల మనిషి లేదని రాయి, బెర్నీస్. మీ కోడలికి కూడా చెప్పు."

బెర్నీస్ ఆమెను చాలాసేపు చూసింది. పదహారేళ్లుగా చూస్తున్న మొహం వెనక ఇంకో మొహం ఉందని అప్పుడే తెలిసినట్టు చూసింది. తర్వాత కళ్లు దించుకుని గడిలో రాసింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఉర్హోనే చూస్తూ అడిగింది. చివర్లో భార్య సంతకం పెట్టాల్సిన చోట పెన్ను సైమా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. సైమా తీసుకుని సంతకం పెట్టింది. ఆదివారం నాటికి చర్చి అంతా తెలిసిపోతుంది. తెలియనీ. ఆ పేరు పదహారేళ్లనాడే పోయింది, ఇన్నాళ్లూ ఎవరికీ కబురు అందలేదు, అంతే.

బయట మంచు పడుతోంది. ఉర్హో అద్దం మీద మంచు గీకి ట్రక్కు తీశాడు. మూసేసిన గని దాటాక దారి రెండుగా చీలుతుంది. యాభై ఏళ్లుగా ఇంటికి వెళ్తున్న దారి. ఉర్హో ట్రక్కు ఆపి అటూ ఇటూ చూసి, ఎడమకి తిరిగే దీపం వేశాడు. దీపం టిక్కు టిక్కుమంటోంది.

సైమా నోరు ఎప్పటిలాగే మూసుకోబోయింది. ఎడమ దారిన పోయినా రెండు మైళ్ల తర్వాత తిరిగి కలుస్తుంది. ఏమీ అనకపోతే ఎవరికీ తెలియదు.

"ఇటు కాదు, ఉర్హో."

"కాదా?"

"కాదు. కుడికి. మరిచిపోయావు."

ఉర్హో చక్రం మీద చేతులు అలాగే ఉంచి ఎదుటి మంచు చూశాడు. మెడ మీదికి ఎరుపెక్కింది. తర్వాత తలుపు తీసుకుని దిగాడు. ట్రక్కు ముందునుంచి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ, మెల్లగా చుట్టూ తిరిగి ఆమె వైపు వచ్చి నిలబడ్డాడు. సైమా సీటు మీదే జరిగి చక్రం ముందుకి వచ్చింది. అతను ఎక్కి తలుపు వేసుకున్నాక, కుడికి తిప్పింది.